పరిచయకర్త సంతకం

రెండు నెలల క్రితం సంపాదకులు నాకొక ఉత్తరం రాశారు. మన పత్రిక పాఠకుల్లో కొత్తగా చదవడం మొదలుపెట్టినవారు కొందరున్నారట. వారికోసం నవల, కథ, కవిత్వం, యాత్ర, హాస్యం, విజ్ఞానం, డిటెక్టివు, ఇలా అన్ని శాఖలనుంచీ ఏరి ఓ ఇరవై పుస్తకాల జాబితా ఇమ్మన్నారు. "బ్యాంకు ఆఫీసరుగారు కనక జాబితాలు రాయడం మీకు వెన్నతో పెట్టిన విద్య" అని చమత్కరించారు కూడా. ఆయన మాట నిజమే. బకాయిల జాబితా, బదిలీల జాబితా, తనిఖీకి వచ్చినవారు అడిగే జాబితా, ఎన్నో రాశాను. ఇది మాత్రం రెండు నెలలైనా సగం పేజీ దాటలేదు. ఎందుకు దాటలేదో ఆలోచిస్తూ కూర్చుంటే ఈ వ్యాసం తయారైంది. జాబితాకోసం ఎదురుచూస్తున్న సంపాదకులు క్షమించాలి.

నేను బ్యాంకులో చేరిన కొత్తలో, అంటే 1990 ప్రాంతంలో, సేవింగ్సు ఖాతా తెరవాలంటే దరఖాస్తులో ఒక గడి ఉండేది. దాన్లో పరిచయకర్త సంతకం చెయ్యాలి. అప్పటికే మా శాఖలో ఖాతా ఉన్న మనిషెవరో వచ్చి "ఈయన నాకు తెలుసు" అని సంతకం పెట్టి, తన ఖాతా నంబరు వెయ్యాలి. 2002లో రిజర్వు బ్యాంకు కొత్త గుర్తింపు నిబంధనలు తెచ్చిన తర్వాత ఆ గడికి క్రమంగా పని లేకుండా పోయింది. ఇప్పుడంతా కార్డులు, వేలిముద్రలు. కానీ ఆ రోజుల్లో కౌంటరు దగ్గర నిలబడి, "సార్, కొంచెం ఇక్కడ సంతకం పెడతారా" అని ముక్కూమొహం తెలియని వాళ్లను బతిమాలుకునే మనుషుల్ని రోజుకు నలుగురినైనా చూసేవాణ్ణి. కొందరు చూడకుండా గీకేసేవారు. కొందరు "నాకెందుకండీ ఈ తద్దినం" అని తప్పుకునేవారు. ఒకాయన మాత్రం, కిరాణా కొట్టు ఆయన, ఎదుటి మనిషిని పక్కనున్న బల్లమీద కూర్చోబెట్టి, ఊరు, తండ్రి పేరు, పని అన్నీ అడిగి, అప్పుడు కలం తీసేవాడు. నేను నవ్వేవాణ్ణి. ఆయన నవ్వకుండా "రేపు మీరు నన్నడిగితే చెప్పాలి గదండీ" అనేవాడు.

దీనికి పై మెట్టు జామీను. అప్పు తీసుకునేవాడికి మరొకడు హామీ ఉండటం. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 128వ సెక్షను అని ఒకటుంది. ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారు బాధ్యతా అంతేనని దాని తాత్పర్యం. పది రూపాయలు వాడెగ్గొడితే పది రూపాయలూ వీడు కట్టాలి. సంతకం పెట్టేటప్పుడు టీ తాగుతూ నవ్వుతూ పెట్టినవాళ్లు, నోటీసు అందుకున్న రోజున మా బల్ల ముందు ఎలా నిలబడేవారో నాకు బాగా గుర్తు.

ఎవరికైనా ఒక పుస్తకం చదవమని చెప్పినప్పుడు మనం పెడుతున్నది ఈ రెంటిలో ఏ సంతకం? "ఈ పుస్తకం నాకు తెలుసు" అనే పరిచయకర్త సంతకమా? లేక "దీనివల్ల నీకు నష్టం జరిగితే నాదీ పూచీ" అనే జామీనా? మనలో చాలామందిమి మొదటిదే పెడుతున్నామనుకుంటాం. పుచ్చుకునేవాడు మాత్రం రెండోదని నమ్ముతాడు. తగాదా అక్కడే వస్తుంది.

నా సంగతే చెబుతాను.

బళ్లారిలో పనిచేసేటప్పుడు మా శాఖలో ఒక అటెండరు ఉండేవాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. భార్య పోయి ఏడాదైంది. ఇంట్లో తెలుగే. నాతో తెలుగులోనే మాట్లాడేవాడు. ఒక సాయంత్రం క్యాషు మూసి తాళాలు వేసేటప్పుడు "రాత్రిపూట నిద్ర రాదు సార్. మీరెప్పుడూ ఏదో చదువుతుంటారే, నాకూ ఒకటియ్యండి" అన్నాడు. నా సంతోషం ఏం చెప్పను! మర్నాడే బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' తెచ్చి చేతిలో పెట్టాను. అది అప్పట్లో నన్ను ఊపేసిన నవల. ఒంటరి మనిషికి ఇంతకంటే ఏం కావాలనుకున్నాను. ఇచ్చేటప్పుడు దయానిధి గురించి పదినిమిషాలు ఉపన్యాసం కూడా ఇచ్చాను. నెల తర్వాత తిరిగి తెచ్చాడు. ఖాకీ కాగితం అట్ట వేసి ఉంది. ఒక్క మడత లేదు. "ఎలా ఉంది?" అన్నాను. "శానా బాగుంది సార్" అన్నాడు. ఈ మాట నేను ఇద్దరు ముగ్గురు సాహితీమిత్రులకు ఉత్తరాల్లో రాశాను కూడా: అటెండరు సైతం బుచ్చిబాబును చదివి మెచ్చుకున్నాడని.

రెండేళ్లకు అతని రిటైర్మెంటు. వీడ్కోలు సభలో చదవడానికి నేనే తెలుగులో ఒక అభినందన పత్రం రాసి, ఫ్రేము కట్టించి ఇచ్చాను. అందరి ముందూ ఓ నాలుగు లైన్లు నువ్వే చదువు అన్నాను, సరదాగా. అతను ఫ్రేమును అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరకు వచ్చి "నాకు తెలుగు చదివేకి రాదు సార్. మాట్లాడేకి ఒస్తుంది, అంతే. నేను సదివింది కన్నడ ఇస్కూల్లో" అన్నాడు.

సభ అయిపోయాక బయట మెట్లమీద అడిగాను, మరి ఆ పుస్తకం సంగతేమిటని. "మీరు అంత ప్రేమగా ఇస్తిరి. వద్దంటే ఏమనుకుంటారో అని. పిల్లోళ్లు చింపుతారని అట్ట ఏసి దేవుని పటాల కాడ పెట్టినా సార్" అన్నాడు. ఆ రోజు నన్నడిగినప్పుడు నా బల్లమీద ఒక కన్నడ వారపత్రిక ఉంది. అలాంటిదేదో ఇస్తాననుకున్నాడట. నా బ్యాగులో శివరామ కారంత నవల కూడా ఉండేది ఆ రోజుల్లో, కన్నడం నేర్చుకుంటున్నాను కనక. అదిస్తే చదివేవాడేమో. "నీకేం చదవడం వచ్చు?" అనే ఒక్క ప్రశ్న నేను అడగలేదు. ఖాతా తెరిచేవాడి తండ్రి పేరైనా అడిగే కిరాణా కొట్టాయన నాకంటే నయం.

ఇంతకాలం తర్వాత ఆలోచిస్తే, ఆ పుస్తకాన్ని నేను అతనికి ఇవ్వలేదనిపిస్తుంది. నా అభిరుచిని నేనే చూసుకుని మురవడానికి అతన్ని అద్దంలా నిలబెట్టాను.

షియాలి రామామృత రంగనాథన్‌గారి పేరు గ్రంథాలయాలకు వెళ్లేవారు వినే ఉంటారు. లెక్కల మేష్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గ్రంథపాలకుడయ్యారు. చివరి రోజులు బెంగుళూరులో గడిపి 1972లో పోయారు. 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు చెప్పారు. పుస్తకం వాడకానికే ఉందని మొదటి సూత్రం. రెండోదీ మూడోదీ కవలల్లాంటివి. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అందాలని ఒకటి, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలని ఒకటి. వినడానికి రెండూ ఒకటేననిపిస్తాయి. కౌంటరు వెనక కూర్చున్నవాడికి తెలుస్తుంది, అవి రెండు వేరు వేరు విశ్వాసాలని. రెండో సూత్రం పాఠకుడి పక్షాన మాట్లాడుతుంది. మూడోది పుస్తకం పక్షాన. గ్రంథపాలకుడు ఇద్దరికీ నౌకరే. ఇద్దరు యజమానులూ చెరోవైపు లాగినప్పుడు ఎటు నిలబడాలో సూత్రం చెప్పదు. మా భాషలో చెప్పాలంటే డిపాజిటుదారుడి మేలు ఒకటి, అప్పు తీసుకునేవాడి మేలు ఒకటి. మధ్యలో మేనేజరు.

మనలాంటివాళ్లం, అంటే తెలుగు దేశానికి వెలుపల తరతరాలుగా ఉంటున్నవాళ్లం, దాదాపు ఎప్పుడూ మూడో సూత్రం వైపే మొగ్గుతాం. మన పుస్తకానికి పాఠకుడు దొరకాలి, లేకపోతే అది చచ్చిపోతుందన్న భయం మనది. భయం అబద్ధం కాదు. మా హోసూరు వైపు సంగతే తీసుకోండి. 2006లో తమిళనాట వచ్చిన చట్టంతో మొదటి తరగతి నుంచీ తమిళం తప్పనిసరి పాఠమైంది. దాని మంచిచెడ్డల జోలికి ఇక్కడ పోను, అది వేరే వ్యాసం. ఇళ్లలో చక్కగా తెలుగు మాట్లాడే పిల్లలు తెలుగు అక్షరం దగ్గరకొచ్చేసరికి తడుముకోవడం నా కళ్లముందే పెరిగింది. బరంపురంలో పనిచేసినప్పుడూ, ఒకసారి యానాం వెళ్లినప్పుడూ, షోలాపూరు పద్మశాలీ మిత్రుల ఇళ్లలో భోజనం చేసినప్పుడూ ఎక్కువతక్కువల్లో ఇదే మాట విన్నాను. అందుకని పిల్లవాడు కనిపిస్తే చాలు, చేతిలో తెలుగు పుస్తకం పెడతాం. "ఒరే, మన భాషరా, చదవాలిరా" అంటాం. కషాయం ఇచ్చినట్టు ఇస్తాం.

దీన్ని బ్యాంకులో ఏమంటారో చెబుతాను. పైనుంచి టార్గెట్ వస్తుంది, ఈ త్రైమాసికంలో ఇన్ని బీమా పాలసీలు అమ్మాలని. పెన్షను తీసుకోవడానికి వచ్చిన డెబ్బై ఏళ్ల ముసలాయనకు పదిహేనేళ్ల పాలసీ అంటగడతారు. పాలసీ చెడ్డది కాకపోవచ్చు, ఇంకొకరికి ఎంతో మంచిది కావచ్చు. ఆయనకు పనికిరాదు. అమ్మినవాడికీ తెలుసు. కాగితంలో లెక్క సరిపోతుంది, మనిషి లెక్క తప్పుతుంది. నేను అలా అమ్మలేదని చెప్పుకునే యోగ్యత నాకు లేదు. రెండు మూడు మొహాలు ఇప్పటికీ కళ్లముందుకు వస్తాయి.

భాషను బతికించాలనే టార్గెట్ పెట్టుకుని పిల్లవాడికి పుస్తకం ఇవ్వడం కూడా ఆ జాతిదేనని నాకు కొన్నేళ్లుగా సందేహం. పుస్తకం మంచిదే, ఉద్దేశం మంచిదే. కానీ ఆ పిల్లవాణ్ణి మనం చూడటంలేదు. మన భాష వయసు పొడిగించే మందుగా వాణ్ణి వాడుకుంటున్నాం. పిల్లలు ఇది ఇట్టే కనిపెడతారు. తర్వాత మనం ఏ పుస్తకం ఇచ్చినా అనుమానంగానే చూస్తారు.

ఇక్కడ నాతో విభేదించే మిత్రులున్నారని తెలుసు. ఒక సభలో నేనొక ఇంటరు పిల్లకు కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' తమిళంలోనే చదవమని చెబితే, ఒక పెద్దాయన "మీరే ఇలా అంటే ఎలాగండీ" అని బాధపడ్డారు. కి.రా. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ ఊరివాడు. ఇంటి భాష తెలుగు, రాత తమిళం. తెలుగునేల నుంచి ఆ కరిసల్ సీమకు, మనం నల్లరేగడి అనే ఆ భూమికి, వలస వచ్చిన కుటుంబాల కథే ఆ నవల. దాని తర్వాతి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2021లో ఆయన పోయినప్పుడు తమిళనాడంతా తనవాడనుకుంది. ఆ అమ్మాయికి తమిళం నీళ్లు తాగినట్టు వచ్చు. తన అవ్వ చెప్పే వలస కథ అచ్చులో ఉంటుందని తెలియదు. చదివి, పది రోజులకు ఫోను చేసి, "మామా, మా అవ్వ చెప్పేది కూడా ఇట్లే ఉంటుంది. తెలుగులో ఇట్లాంటివి ఉండాయా?" అంది. అప్పుడు స. వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' చెప్పాను. మొదటే అది ఇచ్చి ఉంటే ఆమె తెరిచేదా? ఏమో. తెరిచినా తెరవకపోయినా, మొదట ఆమెకు అందవలసింది ఆమె చదవగలిగిన పుస్తకమేనని నా నమ్మకం. పెద్దాయన మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

ఇది ఒకవైపు. పుస్తకాన్ని ఇవ్వకుండా దాచిపెట్టడం మరోవైపు. అది ఇంకా చిక్కైన విషయం.

ముద్దుపళని 'రాధికా సాంత్వనం' కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ఉన్న కవయిత్రి ఆమె. తమిళదేశంలో, మరాఠీ రాజు దగ్గర, తెలుగు కావ్యం. మన పత్రిక పాఠకులకు ఇంతకంటే దగ్గరి చుట్టం ఉండదు. కందుకూరి వీరేశలింగంగారు కవుల చరిత్ర రాస్తూ ఆ కావ్యాన్ని అసభ్యమని గట్టిగా నిరసించారు. బెంగుళూరు నాగరత్నమ్మగారు, నంజనగూడులో పుట్టి సంగీతంలో అంత పేరు పొందిన మనిషి, అచ్చులో దొరుకుతున్న ప్రతి అసంపూర్ణమని గ్రహించి, మూలాన్ని సంపాదించి, పరిష్కరించి, 1910లో వావిళ్ల వారిచేత అచ్చు వేయించారు. పురుషులు రాసిన ప్రబంధాల్లో లేని దోషం ఇందులో ఏముందని ఆమె సూటిగా అడిగారు. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. మూడు దశాబ్దాలకు పైగా గడిచి, టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించిన కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు.

నాకు కందుకూరి మీద భక్తి ఉంది. వితంతువులకోసం ఆయన పడ్డ పాట్లు తలుచుకుంటే ఆ భక్తి తగ్గదు. పాఠకుల మేలుకోరే ఆయన ఆ మాట రాశారు. నాగరత్నమ్మగారూ పాఠకుల మేలుకోరే అచ్చు వేయించారు. ఇద్దరికీ తేడా ఒక్క చోట కనిపిస్తుంది నాకు. కందుకూరి పాఠకుడి తరఫున తానే చదివేసి తీర్పు ఇచ్చారు. నాగరత్నమ్మ పుస్తకం ఎదుటివాడి చేతికిచ్చి, తీర్పు అతనికి వదిలి, వచ్చే నష్టానికి మాత్రం తాను సిద్ధపడ్డారు. 128వ సెక్షను కింద సంతకమంటే అది. చదవమని చెప్పినందుకు ఆమె పరువుకు వచ్చిన దెబ్బ చిన్నది కాదు. అయినా సంతకం వెనక్కు తీసుకున్నట్టు ఎక్కడా కనిపించదు.

ఇది చదివి మెచ్చుకోవడం తేలిక. నా వంతు వచ్చినప్పుడు నేనేం చేశానో కూడా రాయాలి. ఈ వ్యాసం ఇంతకాలం రాయలేకపోవడానికి అసలు కారణం ఇదేనేమో.

నాతోపాటు బ్యాంకులో చేరిన స్నేహితుడు ఒకడుండేవాడు. బరంపురం వాడు. నాకంటే ఎక్కువ చదివేవాడు. డబ్బు విషయంలో కొంచెం పిసినారి, పుస్తకాల విషయంలో దుబారా. 2017లో అతనికి కాన్సరని తేలింది. వైద్యానికి బెంగుళూరు తీసుకొచ్చారు. నేను ప్రతి ఆదివారం హోసూరు నుంచి బస్సులో వెళ్లి చూసి వచ్చేవాణ్ణి. చదవడానికి ఏమన్నా తెమ్మన్నాడు. ముళ్లపూడి 'బుడుగు', భానుమతి 'అత్తగారి కథలు', మొక్కపాటి 'బారిష్టర్ పార్వతీశం', ఏరి ఏరి అన్నీ హాస్యమే తీసుకెళ్లాను. రోగికి నవ్వు మంచిదని అందరూ అంటారు గదా. వాడు నవ్వుతూనే పుచ్చుకున్నాడు.

మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో, వాళ్లావిడ మందుల కోసం కిందికి వెళ్లినప్పుడు, "ఒరే, టాల్‌స్టాయ్ రాసిన జడ్జీ కథ ఒకటుంది చూడు, చివర్న పోతాడు. నీ దగ్గరుండాలే, ఇంగ్లీషుది. పట్రా" అన్నాడు. 'ఇవాన్ ఇల్యీచ్ మరణం'. 1886లో వచ్చింది. నా బీరువాలో రెండో అరలో ఉంది. చదివినవారికి తెలుసు, ఉద్యోగం, ఇల్లు, హోదా అన్నీ సవ్యంగా అమర్చుకున్న ఒక అధికారికి జబ్బు చేస్తుంది. డాక్టర్లూ ఇంటివాళ్లూ అందరూ తగ్గిపోతుందని అబద్ధాలాడుతుంటారు. ఆ జబ్బుకంటే ఆ అబద్ధాలే అతన్ని ఎక్కువ బాధపెడతాయి. నిజం దాచకుండా దగ్గర కూర్చునేవాడు ఒక్క నౌకరు కుర్రవాడు.

తరువాతి ఆదివారం వట్టి చేతులతో వెళ్లాను. "కనిపించలేదురా, ఎవరికో ఇచ్చినట్టున్నాను" అన్నాను. వాడు నా మొహం కేసి కాసేపు చూశాడు. "పోనీలే, బుడుగే చదువుకుంటాను" అన్నాడు. ఆ తర్వాత నన్ను ఏ పుస్తకమూ అడగలేదు. రెండు నెలలకు పోయాడు. వాళ్లావిడ నా పుస్తకాలన్నీ ఒక గుడ్డ సంచిలో పెట్టి తిరిగి పంపింది. అన్నింట్లోనూ మొదటి పదిహేను పేజీలలోపే గుర్తుకాగితం.

వాడి మేలుకోసమే దాచానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది చదివితే కుంగిపోతాడేమోననుకున్నాను. ఈ వాదంలో కొంత నిజం లేకపోలేదు. ఎవరికైనా ఏ పుస్తకమైనా ఎప్పుడైనా ఇచ్చెయ్యాలని నేను ఇప్పటికీ అనను. పదేళ్ల పిల్లవాడు అడిగిందల్లా ఇస్తామా? కానీ వాడు పిల్లవాడు కాదు. యాభై ఏళ్లవాడు, తన జబ్బు తనకు తెలిసినవాడు, ఆ పుస్తకంలో ఏముందో తెలిసే అడిగినవాడు. కుంగిపోతాడేమోనన్న భయం కంటే, అదిచ్చాక మరుసటి ఆదివారం వాడి పక్కన కూర్చుని ఏం మాట్లాడాలన్న భయమే నాకు ఎక్కువగా ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది. పుస్తకం ఇస్తే దాంతోపాటు నేనూ అక్కడ కూర్చోవలసి వస్తుంది. ఆ పూచీ నేను పడలేకపోయాను. ఆ కథలో అబద్ధాలాడేవాళ్ల వరసలో నేనూ ఒకణ్ణయ్యాను. వాడు పోయాక ఆ కథ మళ్లీ తీశాను. సగం దాటలేకపోయాను.

బళ్లారిలో అడగకుండా అంటగట్టాను. బెంగుళూరులో అడిగినా ఇవ్వలేదు. రెండుచోట్లా నేను చూసుకున్నది నన్నేనని తేలుతోంది. లెక్కలో ఒకటి డెబిట్టు, ఒకటి క్రెడిట్టు. ఖాతా మాత్రం ఒకరిదే.

అయితే పుస్తకాలు చెప్పడం మానెయ్యాలా? మాలతీ చందూర్‌గారిని తలుచుకుంటే అలా అనిపించదు. మద్రాసులో ఉంటూ, 2013లో పోయేవరకూ ఆవిడ తెలుగువారికి చేసిన మేళ్లలో 'పాత కెరటాలు' ఒకటి. ప్రపంచ నవలల్ని ఒక్కొక్కటిగా తీసుకుని, పక్కింటావిడకు చెప్పినట్టు కథంతా చెప్పేవారు. కథ చెప్పేస్తే ఇంక నవల ఎవరు చదువుతారని విమర్శించినవారున్నారు. ఇంగ్లీషు రాని మా అమ్మకు 'అన్నా కెరెనినా' తెలిసింది ఆవిడవల్లే. వంటల పుస్తకం రాసిన చేత్తోనే ఆవిడ ఇదీ చేశారు. ఎదుటి మనిషికి ఏం వచ్చు, ఏం రాదు, ఎంత ఆకలి ఉంది అన్నది ఆవిడకు తెలిసినట్టు మనలో చాలామందికి తెలియదు.

నాకూ ఒకటి రెండుసార్లు కుదిరిందనే చెప్పాలి. బరంపురంలో ఒక లారీల యజమాని మా ఖాతాదారు. తెలుగు చదువుతాడు గాని, చదివేది దినపత్రిక ఒక్కటే. ఏదైనా మంచి పుస్తకం చెప్పమని మొహమాటానికి అడిగాడు. ఈసారి జాగ్రత్తపడి, ఆయన ఏ విషయం మాట్లాడితే ఉత్సాహపడతాడో గమనించాను. దార్లు. ఏ ఘాటు ఎక్కడుంది, ఏ ఊళ్లో డీజిలు ఎంత, ఎక్కడ భోజనం బాగుంటుంది. ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర' ఇచ్చాను. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా ఉన్న ఆయన 1830 మేలో బయలుదేరి, దాదాపు వందమందిని వెంటబెట్టుకుని, కాశీ వెళ్లి, పూరీ, గంజాం మీదుగా 1831 సెప్టెంబరుకు తిరిగొచ్చారు. ఏ మజిలీలో ఏ సామాను దొరుకుతుంది, నీళ్లెలా ఉంటాయి, దారి ఇసకా రాయా అన్నీ రాశారు. వారం తర్వాత లారీలాయన పుస్తకం తిరిగిచ్చాడు. తిరుగు ప్రయాణంలో మన వైపు పేజీలు తప్ప మిగతావి చదవలేదు. "ఈ ముసలాయనకి మన దారి బాగా తెలుసండీ. మిగతాది నాకెందుకు, మన లార్రీలు అటు వెళ్లవు కదా" అన్నాడు. నాకు ఎంత తృప్తి కలిగిందో!

ఇంక సంపాదకుల జాబితా. దెయ్యాల కథలు కావాలని మా వీధిలో ఏడో తరగతి పిల్ల అడుగుతోంది. ఆమెకు పాత 'చందమామ' బేతాళ కథలు. పత్రిక ఆగిపోయి పదేళ్లు దాటినా పాత సంచికలు ఇంకా దొరుకుతున్నాయి. అక్షరాలు కూడబలుక్కునే దశలో ఉన్నవారికీ అవే. డిటెక్టివు కావాలన్నవారికి సిగ్గుపడకుండా కొమ్మూరి సాంబశివరావు. చదవడం అలవాటయ్యేది అలాంటివాటితోనే. ముంబయిలో అణుశాస్త్రవేత్తగా పనిచేసిన కొడవటిగంటి రోహిణీప్రసాద్ విజ్ఞాన వ్యాసాలు, లెక్కలంటే భయంలేని కాలేజీ కుర్రవాళ్లకు. చిత్తూరు, హోసూరు, కోలారు వైపు మాట చెవికి ఇంపుగా ఉండేవారికి నామిని కథలు. ప్రభుత్వం నిషేధించేటంత ఏముందా అనుకునేవారికి ఉన్నవ 'మాలపల్లి'. అది జైల్లో రాసిన నవల, తీరికగా చదవాలి. 'చివరకు మిగిలేది' కూడా చెబుతాను, అయితే చదవడం వచ్చునా అని అడిగిన తర్వాతే.

టాల్‌స్టాయ్ పుస్తకం ఇప్పుడు నా బీరువాలో లేదు. ఏడాది క్రితం నా స్నేహితుడి భార్య ఫోను చేసింది. అటూ ఇటూ మాట్లాడి, "అన్నయ్యగారూ, అప్పుడాయన మిమ్మల్నొక పుస్తకం అడిగారట. మీ దగ్గర ఉంటే పంపిస్తారా" అంది. ఉంది అన్నాను. రిజిస్టరు పోస్టులో పంపాను. అందిందని మెసేజి పెట్టింది. చదివిందో లేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మొన్న సంక్రాంతికి ఫోను చేసినప్పుడు, వేసవిలో బరంపురం ఒకసారి రమ్మంది. మే నెలలో వెళదామని టికెట్లు తీసుకున్నాను.